కోసిన ఎర్రగడ్డ విషం కాదు, పెద్దమ్మా

పోయిన నెల మా పాప పుట్టినరోజు. బిరియానీలో నంజుకోవడానికని ముందురోజు రాత్రే వెనిగర్‌లో ఎర్రగడ్డలు నానబెట్టి రెండు సీసాలు ఫ్రిజ్‌లో పెట్టుకున్నాను. మేం నెల్లూరోళ్లం. ఉల్లిపాయను ఎర్రగడ్డ అనే అంటాం, వెల్లుల్లిని తెల్లగడ్డ. మధ్యాహ్నం వడ్డించే వేళకు చూస్తే సీసాలు రెండూ కడిగి బోర్లించి ఉన్నాయి. వాట్సాప్‌లో వచ్చిన మెసేజ్ చదివి, పిల్లలు ఎక్కడ తింటారోనన్న భయంతో మా పెద్దమ్మ మొత్తం సింకులో పారబోసింది. ఆమెది ప్రేమ. నా కోపమంతా ఆ మెసేజ్ మీదే.

మా బంధువుల గ్రూపులోకే అది మూడుసార్లు వచ్చింది. సారాంశం ఇది: కోసిన ఉల్లిపాయ గాల్లోని క్రిములను అయస్కాంతంలా లాక్కుంటుంది, రాత్రంతా ఉంచితే విషమవుతుంది. 1919లో ఫ్లూ వచ్చినప్పుడు ఒక రైతు గదికో ఉల్లిపాయ పెట్టి ఇంటిల్లిపాదినీ కాపాడుకున్నాడు, డాక్టరు ఆ ఉల్లిపాయను మైక్రోస్కోపు కింద పెడితే నిండా ఫ్లూ వైరస్ కనబడింది. కుక్కలకు కూడా ఉల్లి పడదు. హోటల్లో ఇచ్చే గులాబీ ముక్కలకు రంగు కలుపుతారు. వెనిగర్ గుడ్డు పెంకునే కరిగిస్తుంది, ఇక మీ ఎముకలెంత? వేడినీళ్లు పోస్తే పోషకాలన్నీ పోతాయి. పదిమందికి పంపండి.

ముందు ఆ రైతు కథ సంగతి చూద్దాం, ఎందుకంటే జనం నమ్మేది దాన్ని చూసే. ఫ్లూ వైరస్ సైజు మిల్లీమీటరులో దాదాపు పదివేలో వంతు. మామూలు మైక్రోస్కోపుకు అంత చిన్నది అందదు. దాన్ని చూడాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కావాలి, అది జర్మనీలో తయారైంది 1931లో. మనుషులకు ఫ్లూ తెచ్చేది వైరస్ అని తేల్చి, దాన్ని వేరుచేసింది 1933లో, ఇంగ్లండులో. 1919లో చాలామంది డాక్టర్లు అది ఒక బాక్టీరియా పని అనుకునేవాళ్లు. అంటే ఆ రైతు ఇంటికొచ్చిన డాక్టరు అప్పటికి లేని పరికరంతో, అప్పటికి ఎవరికీ తెలియని వైరస్‌ను చూశాడన్నమాట! ఆ జబ్బుకు ఒక్క మన దేశంలోనే కోటిమందికి పైగా చనిపోయారు. ఎర్రగడ్డ లేని ఇల్లు ఆనాడు ఎన్ని ఉండి ఉంటాయి? గదిలో గడ్డ పెడితే ప్రాణం దక్కేదైతే అన్ని చావులు జరిగేవా? అంతటి దుఃఖాన్ని ఒక కట్టుకథకు వాడుకోవడం నాకు బాధగా ఉంది.

ఇక అయస్కాంతం సంగతి. ఎర్రగడ్డకు గాల్లోంచి క్రిముల్ని లాక్కునే శక్తి ఏదీ లేదు. కోసినప్పుడు దానిలోని గంధకపు పదార్థాలు, ఒక ఎంజైము కలుసుకుని ఘాటు పుడుతుంది, కళ్లు మండేది దానివల్లే. కోసిన ముఖం తడిగా ఉంటుంది కాబట్టి దానిమీద పడ్డ క్రిములు పెరగగలవు, అది నిజం. కానీ ఆ మాట కోసిన దోసకాయకూ, టమాటాకూ, పుచ్చకాయకూ వర్తిస్తుంది. ఆ క్రిములు వచ్చేది చెయ్యి నుంచి, చెక్క నుంచి, కత్తి నుంచి. మన ఇళ్లలో అసలు చూసుకోవాల్సింది కత్తిపీట. పొద్దున దానిమీద చేపలు కోసి, పైపైన నీళ్లు చల్లి, అదే కత్తిపీట మీద నంజుకునే పచ్చి ఎర్రగడ్డలు తరుగుతాం. చేపలు పులుసులో ఉడుకుతాయి, ఎర్రగడ్డ ఉడకదు. పెద్దమ్మా, భయపడాలంటే దానికి భయపడు. సబ్బుతో కడిగిన కత్తితో కోసి, మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచిన ఎర్రగడ్డ మర్నాడే కాదు, వారం లోపు ఎప్పుడైనా వాడుకోవచ్చు. వాసన సొరకాయకూ పెరుగుకూ పడుతుంది కాబట్టి మూత మాత్రం గట్టిగా ఉండాలి.

ఎర్రగడ్డల వల్ల జబ్బు చేసిన సందర్భాలు అసలే లేవని కూడా అనను. 2020లో అమెరికాలో వెయ్యిమందికి పైగా సాల్మొనెల్లా అనే బాక్టీరియా సోకింది, కారణం ఎర్ర ఉల్లిపాయలని తేలింది. కానీ అప్పుడు ముందుగా వెనక్కి రప్పించినవి కోయని గడ్డలు. కలుషితం జరిగింది గడ్డ వంటింటికి చేరకముందే. రాత్రంతా గాలి పీల్చి విషమవడానికీ దానికీ సంబంధం లేదు.

మెసేజ్ మొత్తంలో పూర్తిగా నిజమైన ముక్క కుక్కల సంగతొక్కటే. ఎర్రగడ్డలోని కొన్ని గంధకపు పదార్థాలు కుక్కల, పిల్లుల ఎర్రరక్తకణాలను దెబ్బతీస్తాయి. పచ్చిదైనా ఉడికిందైనా వాటికి పెట్టకూడదు. మన శరీరం వాటిని తట్టుకుంటుంది. ఒక్క నిజం పక్కన నాలుగు అబద్ధాలు కూర్చోబెడితే అవీ నిజాల్లానే కనబడతాయి, ఈ మెసేజ్ తిరుగుతున్నది అందుకే.

రంగు గురించి. మా ఎదురింటి అక్క కూడా నన్ను అడిగింది, ‘ఆ గులాబీ రంగు ఏం వేశావే’ అని. ఏమీ వెయ్యలేదక్కా. ఎర్రగడ్డ పొరల్లో ఆంథోసయనిన్ అనే సహజమైన రంగు ఉంటుంది. పులుపు తగిలితే అది ఎర్రగా మారుతుంది, పొరలోంచి నీళ్లలోకి దిగి తెల్లటి భాగానికి కూడా పడుతుంది. చూడాలంటే ఇంట్లోనే చూడొచ్చు. మూడు గ్లాసుల్లో ఎర్రటి పొర ముక్కలు నాలుగేసి వేసి వేడినీళ్లు పోయండి. ఒకదాన్లో నిమ్మరసం పిండండి, ఇంకోదాన్లో చిటికెడు వంటసోడా వేయండి, మూడోదాన్ని అలాగే వదిలేయండి. నిమ్మరసం పిండింది గులాబీ రంగుకు తిరుగుతుంది, సోడా వేసింది నీలం, ఆకుపచ్చ కలిసినట్టు అవుతుంది. మా పాప ఈ పని ఒకే సాయంత్రం నాలుగుసార్లు చేసింది. తెల్ల ఉల్లిపాయతో చేస్తే గులాబీ రాదు, ఎందుకంటే ఆ రంగు అందులో లేదు. కొన్ని ధాబాల్లో బీట్‌రూట్ ముక్క వేస్తారు, అదీ తప్పేం కాదు. రంగు కలిపేవాళ్లు ఎక్కడో ఉండొచ్చు. అందుకేగా ఇంట్లో చేసుకునేది.

వెనిగర్, ఎముకలు. గుడ్డు మాటలో అబద్ధం లేదు, పెంకు కరుగుతుంది. పెంకంటే కాల్షియం కార్బొనేట్, రోజంతా వెనిగర్‌లో ముంచి ఉంచితే బుడగలొచ్చి కరిగిపోతుంది. నిమ్మరసంలో వేసినా అంతే. మరి మనం నిమ్మకాయలకు భయపడతామా? మా జిల్లాలోని పొదలకూరు నిమ్మకాయల యార్డు పక్కన పుట్టి పెరిగిన వాళ్లకు ఎముకలు లేకుండా పోయాయా? చింతపండులో టార్టారిక్ ఆసిడ్, మామిడికాయలో సిట్రిక్, మాలిక్ ఆసిడ్లు. ఆ రెండూ కలిపి నెల్లూరు చేపల పులుసు పెట్టి, ముల్లు చప్పరించి తినే మనకు వెనిగర్ ఒక్కటే శత్రువైందా? మన కడుపులోని ఆమ్లం వెనిగర్ కంటే గట్టిది. ఎముకలు వెనిగర్‌లో మునిగి ఉండవు. రక్తం పీహెచ్‌ను, అంటే ఆమ్లం ఎంతో చెప్పే కొలతను, 7.35కూ 7.45కూ మధ్య ఊపిరితిత్తులు, మూత్రపిండాలు నిలబెడతాయి. వెనిగర్‌లోని అసిటిక్ ఆసిడ్‌ను శరీరం శక్తి కోసం కాల్చేసుకుంటుంది.

కొలత కూడా చెప్తాను. షాపుల్లో దొరికే తెల్ల వెనిగర్‌లో ఆసిడ్ 4 శాతం దాకా ఉంటుంది. నేను 250 గ్రాముల ఎర్రగడ్డకు 120 మిల్లీలీటర్ల వెనిగర్, అంతే నీళ్లు పోస్తాను. మొత్తం సీసాలో అటూ ఇటూగా ఒక శాతం ఆసిడ్. కంచంలో వేసుకునే 30 గ్రాముల్లో అది మూడోవంతు గ్రాము. ఎసిడిటీ, అల్సర్ ఉన్నవాళ్లు తగ్గించుకోవాలి, తిన్నాక నోరు పుక్కిలిస్తే పళ్ల పైపొరకు మంచిది. అల్యూమినియం గిన్నెలో, రాగి, ఇత్తడి పాత్రల్లో మాత్రం పోయొద్దు, పులుపుకు ఆ లోహం దిగుతుంది. గాజు సీసా గానీ జాడీ గానీ వాడండి.

పోషకాలు పోతాయన్నదానికి రెండు మాటలు చాలు. 100 గ్రాముల ఎర్రగడ్డలో విటమిన్ సి ఉండేదే దాదాపు 7 మిల్లీగ్రాములు, జామకాయలో 200 పైనే. విటమిన్ కోసం ఎర్రగడ్డ ఎవరు తింటారు? రుచి కోసం తింటాం.

నేను చేసే పద్ధతి ఇది. మూడు నడిరకం గడ్డలు సన్నగా, అన్నీ ఒకే మందంలో కోస్తాను, మందంగా ఉంటే పులుపు లోపలికి చేరడం ఆలస్యం. వెనిగర్, నీళ్లు, ఒక టీస్పూను కల్లుప్పు, ఒక టేబుల్‌స్పూను చక్కెర కలిపి ఉప్పు కరిగేదాకా కాచి, వేడివేడిగా ముక్కల మీద పోస్తాను. వేడివల్ల రంగు తొందరగా దిగుతుంది. పులుపు, వేడి కలిసి ఘాటు పుట్టించే ఎంజైమును పనిచేయనివ్వవు, ముక్క మాత్రం కరకరలాడుతూనే ఉంటుంది. నాలుగు మిరియాలు, చీల్చిన పచ్చిమిరపకాయ నా ఇష్టం. అరగంటలో తినొచ్చు, మర్నాటికి ఇంకా బాగుంటుంది. బిరియానీకే కాదు, పెసరట్టుకు, పప్పన్నానికి, పెరుగన్నానికి కూడా.

ఈ మెసేజ్‌కు జవాబుగా మా చిన్నాన్న ఒకాయన ‘ఊరగాయ కదా, బయటపెట్టినా ఏడాది ఉంటుంది’ అని రాశారు. అది చదివి ఇంకా టెన్షన్ పడ్డాను, ఎందుకంటే ఇదీ తప్పే. ఆవకాయలో ఉప్పు, ఆవపిండి, కారం, నూనె దండిగా పడతాయి, తడి తగలనివ్వం. అది ఏడాది నిలబడేది అందుకు. ఇక్కడ పోసిందాంట్లో సగం నీళ్లు, ఉప్పు ఒక టీస్పూను. దీన్ని నిలబెడుతున్నది పులుపూ ఫ్రిజ్ చలీ కలిసి. చిన్నాన్నా, మన ఎండల్లో వంటింటి గట్టు మీద పెట్టకండి. చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి, తడిలేని స్పూనుతోనే తీసి, రెండు వారాల్లో తినేయండి. వెనిగర్ బదులు నిమ్మరసం పిండితే రుచి బాగుంటుంది, కానీ ఒక కాయ పులుపు ఇంకో కాయకు ఉండదు, కాబట్టి రెండు రోజుల్లో అయిపోయేంతే చేసుకోండి. ముక్కలు జిగురుగా అయినా, బూజు కనబడినా, మూత తీయగానే బుస్సుమన్నా రుచి చూడకుండా పారేయండి.

నిన్న మళ్లీ ఒక సీసా చేశాను. మూత మీద బ్యాండేజీ ప్లాస్టరు అంటించి తేదీ రాసి, ఫ్రిజ్‌లో పెద్దమ్మకు కనబడేచోటే పెట్టాను.