సవరణ: క్రిస్టఫర్ రెన్ సైన్సు వదిలి వాస్తుశిల్పి కాలేదు

గత టపాలో ‘1666 లండన్ అగ్నిప్రమాదం తర్వాత రెన్ ఖగోళశాస్త్రం వదిలి భవనాల వైపు మళ్లాడు’ అన్న వాక్యాన్ని ఇలా సవరించి చదవగలరు: 1661లో ఆక్స్‌ఫర్డ్‌లో ఖగోళశాస్త్ర ఆచార్యుడైన రెన్, అగ్నిప్రమాదానికి ముందే భవనాల రూపకల్పన మొదలుపెట్టాడు. ఆచార్య పదవిని 1673 దాకా వదల్లేదు. 1680లో శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీకి అధ్యక్షుడు కూడా అయ్యాడు.

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ సభల కోసం రెన్ రూపొందించిన, 1664లో మొదలైన షెల్డోనియన్ థియేటర్‌నే చూడండి. హాలు వెడల్పు సుమారు 70 అడుగులు, మధ్యలో స్తంభం ఉండకూడదు. అంత పొడవైన దూలాలు దొరకవు. అందుకే పొట్టి కలపను ఒకదానితో ఒకటి బిగించి పైకప్పును నిలబెట్టాడు. అది లెక్కల మనిషి చేసే పని.

అందం గురించి అతని అభిప్రాయాన్ని కూడా ‘జ్యామితే సర్వస్వం’ అని కుదించడం సరికాదు. అందానికి అతను రెండు మూలాలు చెప్పాడు: జ్యామితి నుంచి పుట్టే సహజ సౌందర్యం, చూసి చూసి అలవాటైనందువల్ల కలిగే ఇష్టం. అసలు పరీక్ష మాత్రం మొదటిదే అన్నాడు.

ఇక లండన్‌లో రెన్ రూపొందించిన సెయింట్ పాల్స్ చర్చి గుమ్మటం. లోపల తలెత్తితే కనిపించేదీ, వీధిలోంచి కనిపించేదీ ఒకటి కాదు. లోపలిది ఇటుకది, బయటిది సీసపు రేకు తొడిగిన కలపది. రెండింటి మధ్య దాగిన ఇటుక శంకువే శిఖరం మీది రాతి మండపాన్ని మోస్తోంది. జ్యామితిని అంతగా నమ్మినవాడు బరువు మోసే ఆకారాన్నే దాచేశాడు. నాకైతే ఇది తమాషాగానే ఉంటుంది.