సెకండ్ హ్యాండ్ టూరింగ్ బండిని మిట్టమధ్యాహ్నం వెళ్లి చూడండి

పాత టూరింగ్ బండి, అంటే దూరప్రయాణాల బైక్, కొనాలనుకుంటున్నాం అని ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది ఇదే. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు వెళ్లి చూడొద్దు. ఎండ నెత్తిమీదికి వచ్చాక వెళ్లండి. ఓ అరగంట నడిపి, స్టాండ్ వేసి, ఇంజిన్ ఆపకుండా రేడియేటర్ ఫ్యాన్ తిరిగేదాకా పక్కనే నిలబడండి. "స్టార్టింగ్ చూశారు, సౌండ్ విన్నారు, ఇంకేం కావాలి" అని అమ్మేవాళ్లు తొందరపెడతారు. అయినా ఆపనివ్వొద్దు.

నేను ఆ పని చేయలేదు. ఫుల్ ఫేరింగ్ (ఇంజిన్‌ని కప్పే ప్లాస్టిక్ కవర్లు) ఉన్న పెద్ద టూరర్ ఒకటి సాయంత్రం పూట చూసి, పెయింట్ మెరుస్తుంటే మురిసిపోయి కొన్నాను. రెండు వారాలకి 42 డిగ్రీల ఎండలో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాను. టెంపరేచర్ గీతలు ఒక్కొక్కటే ఎక్కుతున్నాయి, ఫ్యాన్ శబ్దం మాత్రం రావడం లేదు. ఎర్ర లైటు వెలిగే సరికి పక్కకు తీసి ఆపేశాను. కింద నేలమీద ఆకుపచ్చగా కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) కారుతోంది, ఆ తియ్యటి వాసన ముక్కుకి గట్టిగా తగిలింది. ఇంటికి చేర్చి ఫేరింగ్ విప్పితే ఫ్యాన్ కనెక్టర్ కనిపించింది. తెల్ల ప్లాస్టిక్ కాలి గోధుమ రంగుకి మారింది, లోపల ఒక పిన్ను నల్లగా మాడిపోయింది. దాని మీద ఎవరో శుభ్రంగా ఇన్సులేషన్ టేప్ చుట్టారు. అంటే ముందు నడిపిన మనిషికి సంగతి తెలుసు. తెలిసీ చెప్పలేదు. నా కోపం అంతా అక్కడే.

ఇంకో కోపం కూడా ఉంది. బండి గురించి మాట్లాడుకునేటప్పుడు అందరూ పవర్ అడుగుతారు, మైలేజ్ అడుగుతారు, ఏ పెట్టెలు, ఏ లైట్లు బిగించాలో అడుగుతారు. వేడి ఎటు పోతోంది అని ఎవరూ అడగరు. ఇంజిన్‌లో మండిన పెట్రోల్‌లో మహా అయితే మూడో వంతు శక్తి చక్రానికి చేరుతుంది. మిగతాదంతా వేడిగా సైలెన్సర్‌లోంచి, రేడియేటర్‌లోంచి, ఇంజిన్ ఒంటిమీదనుంచి బయటికి రావాల్సిందే. అది గాల్లో కలుస్తుందా, మీ తొడల మీదికి వస్తుందా అన్నది బండి డిజైన్ చేతిలో ఉంటుంది.

అందుకే ఇంజిన్ ఆకారం చూడండి. బీఎండబ్ల్యూ బాక్సర్‌లో సిలిండర్లు రెండు పక్కలా గాల్లోకి పొడుచుకొచ్చి ఉంటాయి, వేడి చాలావరకు అక్కడే చెదిరిపోతుంది. ఆర్1200జీఎస్‌కి 2013 మోడల్‌తో, ఆర్1200ఆర్‌టీకి 2014 మోడల్‌తో వాటర్ కూలింగ్ వచ్చింది. అంతకుముందువి గాలి, ఆయిల్ మీదే చల్లబడేవి. హైవే మీద వాటికి ఢోకా లేదు, గంటల తరబడి ట్రాఫిక్‌లో నిలబెడితే మాత్రం తట్టుకోలేవు. పెద్ద వీ-ట్విన్ (రెండు సిలిండర్లు V ఆకారంలో ఉండే ఇంజిన్) అయితే వెనక సిలిండర్ సరిగ్గా తొడ కింద ఉంటుంది. హార్లే డేవిడ్‌సన్ తన టూరింగ్ బండ్లలో, ఆగి ఉన్నప్పుడు బాగా వేడెక్కితే వెనక సిలిండర్ మండకుండా ఆపే ఏర్పాటు పెట్టిందంటే సమస్య ఎంతటిదో అర్థం చేసుకోవచ్చు. యమహా ఎఫ్‌జేఆర్1300 చూస్తున్నవాళ్లు మోడల్ సంవత్సరం తప్పకుండా అడగండి. మొదటి తరం బండ్ల మీద కాళ్లకు వేడి కొడుతోందని రైడర్లు బాగా గోల పెట్టారు. 2006లో ఫేరింగ్ మార్చి, వేడిగాలి కాళ్లకు తగలకుండా సర్దుకునే వీలు పెట్టారు.

నా అభిప్రాయం అడిగితే, ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండలోనే తిరిగేవాళ్లకి 650 సీసీ క్లాస్ చాలు. సుజుకీ వీ-స్ట్రామ్ 650, కవాసాకీ వెర్సిస్ 650 లాంటివి. చిన్న ఇంజిన్ అంటే పుట్టే వేడే తక్కువ, పైగా కాళ్ల చుట్టూ గాలి ఆడుతుంది. లీటరు (1000 సీసీ) బండి గొప్పదే, కాదనను. కానీ ఎండలో రోజుకి 500 కిలోమీటర్లు పోయాక మనకు గుర్తుండేది పవర్ కాదు, కాలిన పిక్కలు.

కొనేముందు వోల్టేజ్ కొలిచే మల్టీమీటర్ ఒకటి వెంట తీసుకెళ్లండి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. స్టార్ట్ చేసి నాలుగు వేల ఆర్‌పీఎమ్ దగ్గర చూస్తే 13.5 నుంచి 14.5 మధ్య రావాలి. ఈ రీడింగ్ చల్లటి బండి మీద కాదు, బాగా వేడెక్కిన బండి మీద తీయాలి. కరెంటు పుట్టించే కాయిల్ అయిన స్టేటర్, ఆ కరెంటును బ్యాటరీకి సరిపడేలా మార్చే రెగ్యులేటర్ రెక్టిఫైయర్ వేడి మీదే చెడతాయి. చల్లగా ఉన్నప్పుడు మామూలుగానే పనిచేస్తాయి. చాలా జపాన్ బండ్లలో స్టేటర్ నుంచి మూడు పసుపు వైర్లు వస్తాయి. వాటి కనెక్టర్ ఊడదీసి చూడండి, ప్లాస్టిక్ రంగు మారి ఉంటే ఆ బండి కథంతా అక్కడే తెలిసిపోతుంది. టైర్ల మీద నాలుగంకెల తేదీ ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారం. ట్రెడ్ ఎంత ఉన్నా, అంత పాత రబ్బరుతో ఎండలో దూరం పోవద్దు.

ఇక మార్పులు. కొత్తవి తగిలించే ముందు, పాడైపోయినవి బాగుచేయండి. ఇది ఎంత చెప్పినా ఎవరికీ ఎక్కదు. రేడియేటర్ రెక్కల్లో పురుగులు, మట్టి పేరుకుపోయి ఉంటాయి, వెనకనుంచి తక్కువ ప్రెషర్ నీళ్లతో కడగాలి. కూలెంట్ మార్చాలి, రేడియేటర్ మూత రబ్బరు చూడాలి. "ఎండాకాలం కదా, ఉత్త నీళ్లు పోస్తే చాలు" అనే సలహా వినొద్దు. నీళ్లు వేడిని బాగానే మోస్తాయి, నిజమే. కానీ 100 డిగ్రీలకి మరిగిపోతాయి, లోపల తుప్పు పట్టిస్తాయి. సగం సగం కలిపిన కూలెంట్ మామూలుగానే 107 దగ్గర మరుగుతుంది, మూత ప్రెషర్ సరిగ్గా ఉంటే 120 దాటినా మరగదు. అలాగే థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వ్) పీకేయమంటారు. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు అది ఎటూ తెరుచుకునే ఉంటుంది, తీసేస్తే ఒరిగేదేముంది?

పాత బండ్లలో ఇంకోటి జరుగుతుంది. రేడియేటర్ చుట్టూ, ట్యాంక్ కింద చిన్న చిన్న రబ్బరు పట్టీలు, ఫోమ్ ముక్కలు ఉంటాయి. సర్వీసింగ్‌లో ఫేరింగ్ విప్పిన ప్రతిసారీ ఒకటి పోతుంది, ఎవరూ పట్టించుకోరు. వేడిగాలిని పక్కకు తిప్పేది అవే. నా బండికి మూడు లేవు. అవి తెచ్చి పెట్టి, ట్యాంక్ అడుగున అల్యూమినియం పొర ఉన్న హీట్ షీల్డ్ షీట్ అంటించాక మోకాళ్ల దగ్గర తేడా మొదటి రోజే తెలిసింది. సైలెన్సర్ పైపుకి గుడ్డ చుట్టడం నాకు నచ్చదు, కింద తేమ చేరి పైపు తుప్పు పడుతుంది. సిరామిక్ కోటింగ్ నయం.

రెగ్యులేటర్ మారుస్తుంటే, అవసరం లేని కరెంటును పారనివ్వకుండా ఆపే సిరీస్ రకం పెట్టుకుని, గాలి తగిలే చోట బిగించండి. పాత షంట్ రకం మిగిలిన కరెంటును స్టేటర్‌లోకే తిప్పి వేడి చేస్తుంది. అందుకే హెడ్‌లైట్‌కి ఎల్ఈడీ పెట్టి లోడ్ తగ్గించినా దాని స్టేటర్ చల్లబడదు. బ్రేక్ ఆయిల్ కూడా మార్చండి. కొత్త డాట్ 4 రకం ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోతుంది. పెద్ద లోడుతో ఘాట్ దిగేటప్పుడు ఆ తేడా లీవర్‌లో తెలుస్తుంది.

విండ్‌షీల్డ్ సంగతి కొంచెం తిరకాసు. ముప్పై డిగ్రీల్లో చిన్నది హాయి. గాలి మన ఒంటి వేడిని మించిపోయాక మాత్రం ఎదురుగాలి చల్లబరచదు, పొయ్యి ముందు కూర్చోబెట్టినట్టు కాలుస్తుంది. అప్పుడు జాలీలా గాలి ఆడే మెష్ జాకెట్‌లో ఎంత గాలి తగిలితే అంత నీరు ఒంట్లోంచి పోతుంది. తడిపిన వెస్ట్ లోపల వేసుకుని, జాకెట్ జిప్పులు సగం మూసి, షీల్డ్ పైకి లేపి పోతేనే శరీరం తట్టుకుంటుంది. ఇది పొడి ఎండలో. ఉక్కపోత ఉన్నచోట ఆ తడి ఆరదు, అక్కడ తరచుగా నీడలో ఆగడం తప్ప దారి లేదు. అందుకే షీల్డ్ కొంటే పైకీ కిందికీ జరిపేదే కొనండి.

ఈ వారం బండి చూడ్డానికి వెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే, ఆ పసుపు వైర్ల కనెక్టర్ ఫొటో, వేడి మీద తీసిన వోల్టేజ్ రీడింగ్ నాకు పంపండి. చూసి చెప్తాను. అడ్వాన్స్ మాత్రం ఆ తర్వాతే ఇవ్వండి.