అమెరికా ఊళ్ళలో థియేటర్లను ఓటీటీ చంపలేదు

"అమెరికాలో థియేటర్ల పని అయిపోయింది, ఓటీటీ చంపేసింది. మిగిలినవి ప్రభుత్వం డబ్బుతో బతుకుతున్నాయి. చిన్న ఊళ్ళలో నాటకమైతే ఎప్పుడో పోయింది." ఈ మెసేజ్ మన వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. ఇందులో కొంత నిజం ఉంది. 2019లో అమెరికా, కెనడా కలిపి సినిమా హాళ్ళ వసూళ్ళు 1,100 కోట్ల డాలర్లు దాటితే, 2023లో వచ్చింది సుమారు 900 కోట్లే. దెబ్బ తగిలిన మాట వాస్తవం. మిగతాది మాత్రం ఒప్పుకోలేను.

ముందు ఓటీటీ సంగతి. నెట్‌ఫ్లిక్స్ స్ట్రీమింగ్ మొదలైంది 2007లో. ఒహాయో రాష్ట్రం క్లీవ్‌లాండ్‌లోని ప్లేహౌస్ స్క్వేర్‌లో 1920ల మొదట్లో కట్టిన పెద్ద హాళ్ళు 1969 కల్లా దాదాపు అన్నీ మూతపడ్డాయి. ఇంటింటికీ టీవీ వచ్చింది, జనం ఊరి నడిబొడ్డు వదిలి శివార్లకు వెళ్ళిపోయారు. రెండు హాళ్ళను కూల్చి పార్కింగ్ స్థలం చేద్దామనుకుంటే స్థానికులు అడ్డుపడి కాపాడుకున్నారు. ఇవాళ అక్కడ నాటకాలు, కచేరీలు నడుస్తున్నాయి.

చిన్న ఊరి సింగిల్ స్క్రీన్‌కు ఇంకో దెబ్బ డిజిటల్ ప్రొజెక్టర్. 2013 ప్రాంతంలో స్టూడియోలు ఫిల్మ్ రీళ్ళు మానేస్తుంటే, ఒక్కో తెరకు పదుల వేల డాలర్లు పెట్టాల్సి వచ్చింది. చాలా ఊళ్ళవాళ్ళు చందాలు పోగేసి కొన్నారు. మనవాళ్ళు తెలుగు ప్రీమియర్లకు వెళ్ళేది ఎక్కువగా పెద్ద కంపెనీల మల్టీప్లెక్సులకే కాబట్టి ఇలాంటి హాళ్ళు మన కంట పడవు.

ప్రభుత్వం డబ్బు మాటకొస్తే, కోవిడ్‌లో మూతపడ్డ వేదికల కోసం 2020 డిసెంబరులో చట్టం తెచ్చారు. మొత్తం కేటాయింపు 1,600 కోట్ల డాలర్ల పైచిలుకు. మామూలుగా ఒక సంస్థకు 2019 ఆదాయంలో 45 శాతం, అదీ కోటి డాలర్లకు మించకుండా. తలుపులు మూసి ఉంచాల్సి వచ్చినందుకు ఇచ్చిన సాయం అది. ఏటా వచ్చే జీతం కాదు.

ఇక నాటకం. ఎనిమిది వేల జనాభా ఉన్న ఊళ్ళో ఏడాదిలో చాలా నెలలు నాటకం ఆడుతుందంటే నమ్ముతారా? వర్జీనియాలోని ఆబింగ్‌డన్‌లో బార్టర్ థియేటర్ ఉంది. 1933లో, మహామాంద్యం రోజుల్లో, న్యూయార్క్‌లో పనిలేక పస్తులున్న నటులను రాబర్ట్ పోర్టర్‌ఫీల్డ్ అనే నటుడు తన ప్రాంతానికి తీసుకొచ్చాడు. టికెట్టు 40 సెంట్లు. చేతిలో డబ్బు లేకపోతే అంత విలువైన కూరగాయలో, గుడ్లో, మాంసమో ఇచ్చి లోపలికి రావచ్చు. బార్టర్ అంటేనే వస్తుమార్పిడి. తొలి సీజన్ లెక్క చూసుకుంటే నగదు మిగులు 4 డాలర్ల 35 సెంట్లు, రెండు పీపాల జెల్లీ అని ఆ థియేటర్ వాళ్ళే చెబుతారు. నటుల ఒళ్ళు మాత్రం బాగా బరువెక్కిందట! హాలీవుడ్ నటుడు గ్రెగరీ పెక్ లాంటివాళ్ళు తొలి రోజుల్లో ఆడిన వేదిక అది.

2020లో కోవిడ్ వల్ల హాల్లోకి జనాన్ని రానివ్వలేకపోయినప్పుడు, బార్టర్ నటులు అదే ఊరి పక్కనున్న మూన్‌లైట్ డ్రైవ్-ఇన్‌కు వెళ్ళారు. సినిమా తెర ముందు వేదిక కట్టుకుని నాటకం ఆడారు. జనం కార్లలోనే కూర్చుని చూశారు.