"రౌటర్ పెట్టుకోండి" అనేది జవాబు కాదు

డెబియన్ అనే ఉచిత లైనక్స్ సిస్టమ్ ఇన్‌స్టాలర్ టెస్ట్ చేసి, పీపీపీఓఈ లైను మీద (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయితేనే నెట్ వచ్చే లైను) అది నెట్ పట్టుకోవడం లేదని నేను పెట్టిన బగ్ రిపోర్ట్‌ను ఇప్పుడే మూసేశారు. చెప్పిన కారణం ఒక్క ముక్క: "ఈ రోజుల్లో పీపీపీఓఈ ఎవరు వాడతారు, రౌటర్ పెట్టుకోండి."

ఎవరు వాడతారా? మా వైపు కేబుల్ నెట్ ఉన్న ఇళ్లకు వెళ్లి అడగండి. కేబుల్ అతను వచ్చి ఫైబర్ డబ్బా గోడకు బిగిస్తాడు, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కాగితం మీద రాసిచ్చి వెళ్లిపోతాడు. ఆ రెండూ కొడితేనే నెట్. డయలప్ రోజుల్లో ఫోన్ లైను మీద జరిగిన లాగిన్నే ఇప్పుడు ఈథర్‌నెట్ కేబుల్ మీద జరుగుతోంది. 1999లో ఆర్ఎఫ్‌సీ 2516 అనే సాంకేతిక పత్రంగా వచ్చిన పద్ధతి ఇది, ఇప్పటికీ లక్షణంగా నడుస్తోంది. డబ్బాలోనే రౌటర్ ఉంటుంది కదా అంటారు. ఉంటుంది, కానీ దాని అడ్మిన్ పాస్‌వర్డ్ ఆపరేటర్ మనకు ఇవ్వడు, కాబట్టి లాగిన్ దానిలో పెట్టుకోలేం. మరి కొత్త రౌటర్ కొనాలా? ఉచితంగా దొరికే సిస్టమ్ పెట్టుకోవడానికి ముందు డబ్బు పెట్టి డబ్బా కొనమని చెప్పడానికి వీళ్లకు మనసెలా వచ్చింది?

ఇన్‌స్టాలర్ ఏం చేస్తుందో చూడండి. కేబుల్ తగిలించగానే డీహెచ్‌సీపీ (లాగిన్ అడగకుండా అడ్రస్ ఇచ్చే పద్ధతి) నుంచి అడ్రస్ వస్తుందని కాచుకుని కూర్చుంటుంది. ఇలాంటి లైనులో అటువైపు డీహెచ్‌సీపీ సర్వరే ఉండదు. అక్కడ ఉన్నది "ఎవరైనా ఉన్నారా" అని అడిగే పాడీ అనే ప్యాకెట్ వస్తే "నేనున్నాను" అనే పాడో ప్యాకెట్‌తో బదులిచ్చే యంత్రం. మనవైపు నుంచి పాడీ వెళ్లకపోతే అది పలకదు. చివరికి స్క్రీన్ మీద "నెట్‌వర్క్ ఆటోకాన్ఫిగరేషన్ ఫెయిల్" అని వస్తుంది. కొత్తవాడు తన కంప్యూటరే పాడైందనుకుని టెన్షన్ పడతాడు. డెబియన్ ఇన్‌స్టలేషన్ గైడ్‌లో దీనికి దారి ఉంది. కానీ అది వెనక అనుబంధంలో ఉంది, ఇన్‌స్టాలర్‌కు ఈ లాగిన్ చేతనయ్యేలా చేసే పీపీపీ-యూడెబ్ మాడ్యూల్ పేరు బూట్ అయ్యేటప్పుడే చేత్తో టైప్ చేయాలి. మొదటిసారి లైనక్స్ పెట్టుకునే పిల్లవాడు అనుబంధం చదివి వస్తాడా?

"టెస్ట్ చేయడానికి మా దగ్గర అలాంటి లైను లేదు" అని ఇంకొకరు రాశారు. దీనికి మరీ ఒళ్లు మండింది. లైను ఎందుకండీ? ఆర్‌పీ-పీపీపీఓఈ అనే ఉచిత ప్యాకేజీలో ఆపరేటర్ వైపు పని చేసే సర్వర్ కూడా ఉంది. ఒక వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపలే నడిచే ఉత్తుత్తి కంప్యూటర్) దాన్ని నడిపి, రెండో దానిలో ఇన్‌స్టాలర్ బూట్ చేస్తే సరిపోతుంది.

పైగా లాగిన్ అయితే టెస్ట్ అయిపోయినట్టు కాదు. పాస్‌వర్డ్‌లో హ్యాష్ గుర్తు (#) పెట్టి చూశారా? పాస్‌వర్డ్ దాచే సీక్రెట్స్ ఫైలులో కోట్స్ లేకుండా రాస్తే హ్యాష్ తర్వాత ఉన్నదంతా సిస్టమ్ చదవని కామెంట్ అయిపోతుంది, పాస్‌వర్డ్ తప్పని లైను తిప్పికొడుతుంది. ఈ లైనులో ఎంటీయూ, అంటే ఒక్క ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ సైజు, మామూలు 1500 బైట్లు కాదు, 1492. దారిలో ఎవరైనా "ప్యాకెట్ పెద్దదైంది" అని చెప్పే ఐసీఎంపీ సందేశాలను ఆపేస్తే చిన్న పింగ్ చక్కగా వెళ్తుంది, ప్యాకేజీల డౌన్‌లోడ్ మాత్రం మధ్యలో బిగుసుకుపోతుంది. అన్నిటికంటే కడుపుమంట రీబూట్ దగ్గర. ఇన్‌స్టాలర్ తను తెరిచిన సెషన్‌ను మూయకుండా రీబూట్ అయితే, అటువైపు లెక్కలో పాత సెషన్ ఇంకా బతికే ఉంటుంది. ఒక యూజర్‌కు ఒకే లాగిన్ అనే నియమం ఉన్న చోట కొత్త సిస్టమ్ లాగిన్ కాదు. అప్పుడే పుట్టిన సిస్టమ్‌కు మొదటి నిమిషంలోనే నెట్ లేదు! అన్నీ సరిగ్గా కొట్టిన మనిషికి అందులో తన తప్పేమిటో ఎలా తెలుస్తుంది?

ఇది ఇవాళ్టి కోపం కాదు. బ్రాడ్‌బ్యాండ్ కొత్తగా వచ్చిన రోజుల్లో కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే మొదటి మాటే "స్టార్ట్ బటన్ నొక్కండి సార్" అని. స్టార్ట్ బటన్ లేదు, లైనక్స్ అని చెబితే "అది సపోర్ట్ చేయం, విండోస్ వేసుకుని ఫోన్ చేయండి" అని పెట్టేసేవారు. లైను చెడినా తప్పు మనదే. ఇప్పటికీ ఇంటికి వచ్చే టెక్నీషియన్ లైనక్స్ డెస్క్‌టాప్ చూడగానే చేతులెత్తేస్తాడు. అతన్ని అనను, అతనికి నేర్పిన వాళ్లు లేరు. ఆపరేటర్లను అంటాను. నెలనెలా డబ్బు కట్టించుకుంటారు కదా, ఆ కాగితం మీద యూజర్‌నేమ్‌తో పాటు ఇది పీపీపీఓఈ అనీ, వీలాన్ నంబర్ (ఒకే తీగ మీద వేర్వేరు నెట్‌వర్క్‌లను విడదీసే ట్యాగ్) ఉంటే ఇదీ అనీ, ఎంటీయూ ఇంత అనీ రాసివ్వండి. మూడు లైన్ల పని. వీలాన్ ట్యాగ్ తెలియక పాడీ పంపుతూ కూర్చుంటే ఏ ఇన్‌స్టాలర్ అయినా ఏం చేస్తుంది? అడిగితే "అవన్నీ మీకెందుకు సార్" అంటారు. నా ఇంటి లైను వివరాలు నాకు కాకపోతే ఎవరికి కావాలి?