రైట్ క్లిక్కూ, నీలో రైట్ ఎక్కడుందో చెప్పు

ప్రియమైన రైట్ క్లిక్‌కి,

కావలి ట్రంకు రోడ్డు పక్క సందులో ఫ్లెక్సీలు, శుభలేఖలు, విజిటింగ్ కార్డులు డిజైన్ చేసుకుని బతికే నేను రాయునది ఏమనగా, ఇక్కడ నేనేం క్షేమంగా లేను. నువ్వు బాగానే ఉండుంటావ్. నిన్ను నొక్కీ నొక్కీ మౌస్ మీద నీ వైపు రంగు పోయింది, నా మధ్య వేలికి కాయ కాసింది, ఆ చనువుతోనే నువ్వు అంటున్నా, ఏమనుకోకు.

పేరులోనే రైట్ ఉంది గదా, నిన్ను నొక్కితే బొమ్మతో పాటు హక్కు కూడా దిగుతుందనుకున్నా. ఏళ్ల తరబడి అట్టాగే అనుకున్నా. ఏ పేరుతో దాచుకుంటావ్ అని ప్రతిసారీ మర్యాదగా అడుగుతావే గానీ, అది ఎవరి పేరు మీద ఉందో ఒక్కసారన్నా చెప్పావా?

ముందు రొయ్య సంగతి మాట్లాడదాం. అల్లూరు వైపు రొయ్యల మేత అమ్మే అన్న ఒకాయన 12 అడుగుల ఫ్లెక్సీ కావాలన్నాడు, మధ్యలో పెద్ద రొయ్య ఉండాలన్నాడు. నువ్వున్నావ్ గదా, పది సెకన్లలో దించేశా. ఎర్రగా, నిగనిగలాడుతూ, చూస్తేనే నోరూరే రొయ్య. అడ్డంగా ఆ సైటు పేరుతో వాటర్‌మార్క్ ఉంటే ఫోటోషాప్‌లో క్లోన్ స్టాంప్ పెట్టి అరగంట రుద్దా. ఫ్లెక్సీ కట్టిన సాయంత్రమే ఫోన్ వచ్చింది. "ఏంది సామీ, మేం గుంటలో బతికున్న రొయ్యకు మేత అమ్ముతుంటే నువ్వు ఉడకబెట్టిన రొయ్యను వేశావేంది?"

నిజమే. రొయ్య ఎర్రబడేది పొయ్యెక్కాకే. గుంటలో తిరిగే వనామీ రకం రొయ్య తెల్లగా, వెనకున్నది కనపడేంత పల్చగా ఉంటుంది. ఈ మేత వేస్తే రొయ్య నేరుగా వేపుడై తేలుతుందేమో అని రైతులు ఫ్లెక్సీ కింద నిలబడి నవ్వుకున్నారంట. అంతటితో పోలేదు. నేను రుద్దగా మిగిలిపోయిన వాటర్‌మార్క్ అక్షరం ఒకటి రొయ్య కడుపు కింద ఉండిపోయింది, 12 అడుగులకు సాగేసరికి అది కాలై కూర్చుంది. లెక్కపెట్టిన పుణ్యాత్ముడు కూడా ఉన్నాడు. ఏ రొయ్యకైనా నడిచే కాళ్లు ఐదు జతలు, మా రొయ్యకు పదకొండు కాళ్లు.

ఆ రుద్దుడుకు చట్టంలో ఏకంగా ఒక సెక్షనే ఉందని తర్వాత తెలిసింది. 1957 కాపీరైట్ చట్టాన్ని 2012లో సవరించినప్పుడు 65బి అని చేర్చారు. బొమ్మ ఎవరిదో చెప్పే సమాచారాన్ని తెలిసి తెలిసీ చెరిపేస్తే రెండేళ్ల దాకా జైలు, పైన జరిమానా. అనుమతి లేకుండా వాడుకున్నందుకు 63వ సెక్షన్ వేరే ఉంది, ఆర్నెల్ల నుంచి మూడేళ్లు, 50 వేల నుంచి 2 లక్షలు. పదకొండో కాలు పెట్టినందుకు రెండేళ్లు లోపలుంటే, బయటికొచ్చేసరికి అన్న ఎన్ని పంటలు పట్టుంటాడో లెక్కేసుకున్నా.

అప్పుడన్నా బుద్ధి రావాల్సింది. రాలేదు. ఒక ప్రైవేటు స్కూలుకు వెబ్‌సైటు చేస్తూ చేతులెత్తి నవ్వుతున్న పిల్లల ఫోటో ఒకటి నీ ద్వారానే దించి పెట్టా. ఏడాది తిరిగాక ఎక్కడో బయటి దేశం నుంచి వాళ్లకు మెయిల్ వచ్చింది, ఈ ఫోటో మాది, లైసెన్సు చూపించండి, లేదా డబ్బు కట్టండి అని. ఆ కరెస్పాండెంట్ సార్ ఫోన్‌లో ఒకటే టెన్షన్. "గూగుల్‌లో దొరికింది సార్, వాటర్‌మార్క్ కూడా లేదు" అన్నా. ఆ మాట నా నోట్లోంచి వస్తుండగానే నాకే సిగ్గేసింది. మెడలో పలుపు లేదని చేలో మేస్తున్న ఒంగోలు గిత్తను ఇంటికి తోలుకొచ్చి, చేలో దొరికింది అంటే ఆసామి ఊరుకుంటాడా? గూగుల్ చేసేది ఏ చేలో ఏ గిత్త ఉందో చూపించడమే. ఫోటో తీసిన క్షణమే తీసినవాడికి హక్కు పుడుతుంది, రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. మన చట్టం ప్రకారం అది తీసినవాడు బతికున్నన్నాళ్లూ, పోయాక ఇంకో 60 ఏళ్లూ నిలబడుతుంది. మాది విద్యాసంస్థ గదా, మినహాయింపు ఉండదా అన్నాడు సార్. ఉంది, క్లాసులో పాఠం చెప్పడానికి వాడుకుంటే ఉంది. "అడ్మిషన్లు జరుగుచున్నవి" అనేది పాఠం కిందికి రాదు.

ఫోటో ఏజెన్సీ గెట్టీతో ఒప్పందం చేసుకున్నాక, 2018 ఫిబ్రవరిలో గూగుల్ బొమ్మను నేరుగా తెరిచి చూపే ఆ 'వ్యూ ఇమేజ్' బటన్ తీసేసింది, గుర్తుందా? అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. బటన్ పోయినా నువ్వున్నావ్ గదా అని ధీమాగా టీ తాగడానికి పోయా.

స్కూలు గొడవ తేలాక నిన్ను పక్కనబెట్టి లైసెన్సులు చదవడం మొదలుపెట్టా. రాయల్టీ ఫ్రీ అనే మాట చూసి ఎగిరి గంతేశా. అది ఫ్రీ కాదంట. మెస్సులో ఫుల్ మీల్స్ లాంటిది, టోకెన్ ఒకసారి కొనాలి, కొన్నాక సాంబారు ఎన్నిసార్లయినా పోయించుకోవచ్చు. నేను ఇన్నాళ్లూ టోకెన్ లేకుండా పంక్తిలో కూర్చున్నవాణ్ణి. ఎడిటోరియల్ అని రాసుంటే వార్తలకు, అలాంటి రాతలకు తప్ప యాపారానికి పనికిరాదు.

తీసినవాళ్లే షరతులు చెప్పి ముందుగానే వాడుకోమనే క్రియేటివ్ కామన్స్ బొమ్మలు వికీమీడియా కామన్స్‌లో కుప్పలు. బై అని ఉంటే పేరు వెయ్యాలి, ఎన్‌సీ ఉంటే యాపారానికి వద్దు, ఎన్‌డీ ఉంటే కోసి అతికించి బయట పెట్టొద్దు, ఎస్‌ఏ ఉంటే దాన్ని మార్చి చేసింది కూడా అదే లైసెన్సు కింద ఇవ్వాలి, సీసీ జీరో అయితే మనిష్టం. ఇంత తేలికని తెలిసి ఒక పుట్టినరోజు ఫ్లెక్సీకి ఉదయగిరి కోట ఫోటో చట్టబద్ధంగా తీసుకుని, కింద మూల ఫోటోగ్రాఫర్ పేరు, లైసెన్సు, మార్పులు చేశామనే మాట అన్నీ వేశా. ఫ్లెక్సీ చూసిన నాయకుడి అనుచరుడు కొట్లోకి వచ్చి, "మా బావమరిది ఫోటో చిన్నగా వేశావ్, సరే. ఈ పేరెవరిది? మన పార్టీయేనా?" అన్నాడు. వివరంగా చెప్పా. అంతా విని, "డబ్బులేమన్నా ఇచ్చాడా మరి?" అన్నాడు.

పేరు గొడవ లేకుండా ఉచితంగా ఫోటోలిచ్చే అన్‌స్ప్లాష్, పెక్సెల్స్, పిక్సాబే సైట్లు ఉన్నాయి, యాపారానికీ వాడుకోవచ్చు. అక్కడా మెలికలున్నాయి. అన్‌స్ప్లాష్ 2017 దాకా సీసీ జీరో కింద ఇచ్చేది, తర్వాత సొంత లైసెన్సు పెట్టుకుంది, అందుకే దించిన రోజు తేదీ, లింకు, లైసెన్సు పేజీ స్క్రీన్‌షాట్ అన్నీ ఆ పని ఫోల్డర్‌లోనే పడేస్తున్నా. మనుషులున్న ఫోటోలయితే ఇంకా జాగ్రత్త. తెల్ల చొక్కా వేసుకుని నవ్వే ఒకావిడ ఉంది, ఏ దేశమో పాపం. మా రోడ్డులో ఆమె ఒక చోట పళ్ల డాక్టరు, నాలుగు కొట్లు దాటితే బంగారం తాకట్టు పెట్టి హాయిగా ఉన్న గృహిణి, బస్టాండు దగ్గర మొలల బాధ నుంచి విముక్తి పొందిన పేషెంటు. మొదటి రెండూ నా పుణ్యమే, మూడోది వేరే కొట్టువాడిది. ఫోటోలోని మనుషులను తక్కువ చేసేలా, వాళ్లు మన సరుకును మెచ్చుకున్నట్టు చూపించొద్దని పెక్సెల్స్ లైసెన్సులోనే రాసుంది. ఆవిడ ఎప్పుడన్నా పొరపాటున కావలి స్టేషన్‌లో దిగితే, బస్టాండు దాకా నడవకుండా దేవుడే కాపాడాలి.

మరి నెల్లూరు చేపల పులుసు కావాలంటే? ఆ సైట్లలో వెతికితే పైన క్రీమ్ పోసిన కూర వచ్చింది. మామిడికాయ ముక్క కనపడని దాన్ని పులుసని వేస్తే మెస్సు ఓనరు నా మీదే పోస్తాడు.

అందుకే మొన్న రొయ్యల అన్న రెండో ఫ్లెక్సీకి వచ్చినప్పుడు నిన్ను తాకలేదు. బండేసుకుని గుంట దగ్గరికే పోయా. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల జల్లు ఫోన్ మీద పడుతుంటే చొక్కాతో తుడుచుకుంటూ, మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగించి, 30 కౌంట్ (కిలోకు ముప్పై తూగే) రొయ్యను అరచేతిలో పెట్టించి తీశా. రెండుసార్లు ఎగిరి నీళ్లలో పడింది, మూడోసారి నిలబడింది. అన్న పెట్రోలుకు, ఫోటోకు కలిపి 500 ఇచ్చాడు. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాడే మొదటి హక్కుదారు అని 17వ సెక్షన్ చెబుతుంది, అంటే నా ఫోన్‌లో ఉన్న ఆ రొయ్యను నేను ఇంకో డీలరుకు వేయాలన్నా అన్నను అడగాల్సిందే. ఆ మాట చెబితే ఆయన మీసం మీద చెయ్యేసుకున్నాడు.

ప్రూఫ్ చూపించా. అన్న ఏమీ మాట్లాడకుండా కళ్లజోడు పెట్టుకుని, స్క్రీన్‌కి దగ్గరగా జరిగి, ఒకటి, రెండు, మూడు అని కాళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

ఇట్లు,
ప్రస్తుతానికి లెఫ్ట్ క్లిక్‌తో నెట్టుకొస్తున్న
నీ పాత కావలి నేస్తం