రెండవ సమీక్షకుల వారికి తిరుపతి నుంచి ఒక లేఖ

మహారాజశ్రీ రెండవ సమీక్షకుల వారి దివ్యసముఖమునకు, తిరుపతి నుంచి ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

తిరుమల కొండ మెట్లెక్కుతూ గాలి పీడనం కొలవడం గురించి వేసవిలో పరిశోధన పత్రికకు పంపిన నా వ్యాసం, అచ్చుకు తగునో లేదో తేల్చే తమరి తీర్పు, సంక్రాంతి కూడా దాటాక, ఈ ఉదయం అందింది. ఇది స్థానికులకు తప్ప ఇతర పాఠకులకు పట్టని విషయమని సెలవిచ్చారు. మొదటి సమీక్షకులు కామాలు దిద్ది బాగుందన్నారు. పాపం, ఆయన మాట ఎవరికి కావాలి!

స్థానికమే, కాదనను. మా పిల్లలు పీడనం కొలిచే ఫోను పట్టుకుని అలిపిరి నుంచి మెట్లెక్కారు. ముందు ఒకావిడ మెట్టుమెట్టుకూ పసుపు రాసి కుంకుమ పెడుతుంటే, వెనక మావాళ్లు గాలి గోపురం దగ్గరా మోకాళ్ల పర్వతం దగ్గరా ఆగి అంకెలు రాసుకున్నారు. సుమారు 700 మీటర్లు ఎక్కేసరికి పీడనం దాదాపు 75 హెక్టోపాస్కల్‌లు తగ్గింది. ఎత్తు పెరిగేకొద్దీ పీడనం ఎలా తగ్గుతుందో చెప్పే నల్లబల్ల మీది ఘాతీయ సూత్రం పిక్కల నొప్పితో సహా ఒంటబట్టింది.

అయ్యా, ఆ కొలతకు పేరిచ్చిన పాస్కల్ మహాశయుడు చేసిందేమిటి? 1648లో తాను పారిస్‌లో కూర్చుని, బావ ఫ్లోరాన్ పెరియే చేతికి గాలి పీడనం కొలిచే పాదరసపు గొట్టమిచ్చి ప్యూయ్ ద దోమ్ కొండ ఎక్కించాడు. అది వాళ్ల సొంతూరి కొండ! తమరే అప్పుడు ఉండి ఉంటే ఆ బావగారిని సగం దారిలోనే దింపేసేవారు. పీసా గోపురం మాత్రం ఎవరి ఊళ్లోది? గెలీలియో దాని మీది నుంచి గుండ్లు నిజంగా వదిలాడో లేదో చరిత్రకారులకే అనుమానం. అయినా అది లోకానికంతటికీ పాఠం. గడ్డకట్టిన చెరువును జన్మలో చూడని చిత్తూరు పిల్లలకు కోణీయ ద్రవ్యవేగం చెప్పాలన్నా, మంచు మీద గిర్రున తిరిగే అమ్మాయే దిక్కు. మా కొండ ఒక్కటే స్థానికం!

వ్యాసం అందరికీ ఉచితంగా అందాలంటే నన్ను కట్టమన్న డాలర్ల సంగతి ఎత్తను. మా అతిథి అధ్యాపకులు వింటే గుండె ఆగుతుంది. పైగా నా ఇంగ్లీషును ఆ భాష పుట్టుకతో వచ్చినవారి చేత దిద్దించాలట. అక్కడ మాత్రం స్థానికులే కావాలి!

ఇక మర్యాదలు చాలు. ఉష్ణోగ్రతను లెక్కలోకి తీసుకోలేదని రాశారే, మూడో పేజీ నిండా ఉన్న పట్టిక ఏమిటి మరి? మీరు చదవలేదు. చదవకుండానే కొట్టేశారు. వ్యాసం రేపు ఇంకో పత్రికకు వెళ్తోంది. అక్కడా మీ చేతికే వస్తే ముందు ఆ పేజీ తిప్పండి.