బ్లాగు రాస్తే జనంతో మాట్లాడినట్టేనా?

"నాయకుడు సొంత బ్లాగు పెట్టుకుంటే ఇక విలేకరులతో పనిలేదు. ఆయన మనసులో మాట నేరుగా తెలుస్తుంది, మనం తిరిగి అడగొచ్చు, ఆయనకు జనంలో పట్టూ పెరుగుతుంది." తెగ షేర్ అవుతున్న మాట ఇది. విడదీసి చూస్తే నిలిచేది తక్కువ.

ముందు ఆ "మనసులో మాట" సంగతి. అప్పటి బ్రిటన్ ఎంపీ నాడీన్ డోరిస్ బ్లాగు చదివితే ఆవిడ ఎక్కువగా నియోజకవర్గంలోనే ఉంటారనిపించేది. రెండో ఇంటి కోసం పార్లమెంటు నుంచి తీసుకున్న ఖర్చులపై విచారణ వచ్చేసరికి, తన బ్లాగులో 70 శాతం కల్పన, 30 శాతమే నిజమని ఆవిడే చెప్పుకున్నారు. అది 2010లో. విచారణాధికారి అడగబట్టి ఆ లెక్క బయటపడింది!

"తిరిగి అడగొచ్చు" అంటారా? 2021 మేలో ట్రంప్ పెట్టిన బ్లాగులో లైక్ కొట్టొచ్చు, షేర్ చేయొచ్చు. జవాబు రాయడానికి మాత్రం చోటు లేదు. నెల తిరక్కుండానే అది మూతపడింది. ఇరాన్‌లో 2006లో అధ్యక్షుడు అహ్మదీనెజాద్ కూడా బ్లాగు మొదలుపెట్టారు. ప్రభుత్వాన్ని విమర్శించే బ్లాగర్లను జైల్లో వేస్తున్న దేశమది.

నిజంగా సంభాషణ నడిచిన బ్లాగు అంటే నాకు హోవర్డ్ డీన్‌దే గుర్తొస్తుంది. అమెరికాలో డెమొక్రటిక్ పార్టీ తరఫున అధ్యక్ష అభ్యర్థిత్వానికి ఆయన 2003లో చేసిన ప్రచారంలో దాని కామెంట్లలో జనం వాదించుకున్నారు, చందాలు పోగు చేశారు. తమాషా ఏమిటంటే, దాన్ని ఎక్కువగా నడిపింది ఆయన సిబ్బంది. అంటే మాటామంతీ ఉన్నచోట "సొంత చేతిరాత" లేదు.

పట్టు గురించి రెండు ముక్కలు చాలు. అంత సందడి చేసిన డీన్ 2004 జనవరిలో అయోవా రాష్ట్రంలో జరిగిన తొలి పార్టీ పోటీలో మూడో స్థానంలో నిలిచారు. 2009 ఎన్నికల ముందు అద్వానీ బ్లాగు మొదలుపెట్టారు. బీజేపీ సీట్లు 138 నుంచి 116కి పడిపోయాయి. ఓటమికి బ్లాగు కారణమని నేననను, గెలుపు మాత్రం తేలేకపోయింది.

ఇక విలేకరులతో పనిలేదన్న మాట. ఇందులో కాస్త నిజముంది. అప్పట్లో ప్రధాన పత్రికలపై ప్రభుత్వ పట్టు ఉన్న మలేషియాలో, ప్రధాని పదవి దిగిపోయిన మహతీర్ 2008లో బ్లాగు తెరిచి అప్పటి ప్రధానిని ఏకిపారేశారు. ఆయనకు అది నిజంగా పనికొచ్చింది. ఆ ఉదాహరణ పట్టుకుని, రోజూ టీవీల్లో కనిపించే మంత్రి కూడా బ్లాగులో నాలుగు పేరాలు రాసేసి ప్రెస్‌మీట్‌కు రాకపోయినా ఫర్వాలేదంటే ఎలా కుదురుతుంది?